మధుమేహం ఉన్నవారికి తొలి ఎనిమిది వారాలే కీలకం: గర్భధారణకు ముందే సన్నద్ధత ఎందుకు?

మధుమేహం ఉన్న మహిళలు ఆరోగ్యవంతమైన శిశువుకు జన్మనివ్వగలరు. అయితే అందుకు సన్నాహం గర్భం నిర్ధారణ అయిన రోజున కాక, అంతకు మూడు నుంచి ఆరు నెలల ముందే మొదలుకావాలని వైద్య నిపుణులు సూచిస్తున్నారు.

భారత వైద్య పరిశోధన మండలి మద్దతుతో జరిగి, 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్లు అంచనా వేసింది. భారతీయుల్లో టైప్-2 మధుమేహం పిన్న వయసులోనే కనిపిస్తున్నందున, వ్యాధితోనే గర్భం దాల్చే మహిళల సమస్య ప్రాధాన్యం సంతరించుకుంది.

ముందే ఎందుకు?

నెలసరి తప్పి, పరీక్ష చేయించుకునేసరికి సాధారణంగా ఐదారు వారాలు గడిచిపోతాయి. శిశువు గుండె, మెదడు, వెన్నుపాము రూపుదిద్దుకునేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆ దశలో తల్లి రక్తంలో చక్కెర అధికంగా ఉంటే అవయవ లోపాలు, గర్భస్రావం ముప్పు పెరుగుతాయి. ఆ తరువాత చక్కెరను అదుపు చేసినా అప్పటికే ఏర్పడిన లోపం సరికాదు.

అందువల్ల రెండు, మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష ముఖ్యం. చక్కెర మరీ పడిపోకుండా దీనిని 6.5 శాతం లోపునకు తేవడం లక్ష్యం. 10 శాతం దాటినవారు గర్భధారణను వాయిదా వేసుకోవడం శ్రేయస్కరం. పెళ్లయిన కొద్ది నెలలకే ‘విశేషమేమైనా ఉందా’ అని అడిగే పెద్దలు ఈ వ్యవధి అవసరాన్ని గుర్తించాలి. అదుపులోకి వచ్చేవరకు గర్భనిరోధక పద్ధతులు కొనసాగించాలి.

మందుల మార్పు

టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి రక్తపోటు మందులు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు గర్భధారణకు అనువైనవి కావు. వాటిని సొంతంగా ఆపకుండా, వైద్యుల సలహాతో ముందే మార్చుకోవాలి. ఫోలిక్ యాసిడ్ కూడా ముందునుంచే ప్రారంభించాలి. మధుమేహం ఉన్నవారికి సాధారణం కన్నా ఎక్కువ మోతాదు అవసరం కావచ్చు. కంటి రెటీనా, మూత్రపిండాలు, థైరాయిడ్ పరీక్షలు పూర్తిచేసుకోవాలి.

గర్భం దాల్చాక

డెసీలీటరు రక్తంలో చక్కెర పరగడుపున 95 మిల్లీగ్రాముల లోపు, భోజనమైన గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు ఉండాలి. తల్లి రక్తంలోని చక్కెర మావి ద్వారా శిశువును చేరుతుంది. ఇన్సులిన్ మాత్రం దాదాపు చేరదు. అందుకే గర్భిణులకు ఇన్సులిన్ సురక్షితమైన చికిత్స. ఇన్సులిన్ మొదలుపెట్టడం వ్యాధి ముదిరిందనడానికి సంకేతం కాదు. నెలలు నిండేకొద్దీ మావి హార్మోన్ల ప్రభావంతో మోతాదు పెరగడం సహజమే.

ఇద్దరి తిండి తినాలన్న మాటతో అన్నం పెంచుకోవడం, భయంతో పస్తులుండడం రెండూ హానికరమే. మూడు పూటల మితాహారం, మధ్యలో చిరుతిండి, తగినన్ని పప్పులు, కూరగాయలు, వైద్యులు అనుమతిస్తే భోజనానంతర నడక మేలు చేస్తాయి. చక్కెర 70 కన్నా తగ్గితే వెంటనే మూడు చెంచాల గ్లూకోజ్ లేదా పంచదార నీటిలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించుకోవాలి.

ప్రసవ సమయంలో

అధిక చక్కెర అందుకున్న శిశువు తానే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుంటుంది. ఫలితంగా బరువు పెరుగుతుంది. పుట్టిన కొద్ది గంటల్లో చక్కెర పడిపోవచ్చు. కాబట్టి నవజాత శిశు సంరక్షణ వసతి గల ఆసుపత్రిని ముందే ఎంచుకోవాలి. తొలి గంటలోనే తల్లిపాలు పట్టాలి. ప్రసవం కాగానే తల్లికి ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా తగ్గుతుంది. పాత మోతాదును కొనసాగిస్తే ప్రమాదం.

తమకు మధుమేహం ఉన్నదని తెలియనివారూ ఉంటారు. అందుకే తొలి సందర్శనలోనూ, 24–28 వారాల మధ్యనూ గర్భిణులందరికీ పరీక్ష జరగాలని జాతీయ మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు నిర్వహిస్తున్నారు. వ్యాధి ఉన్నదని ముందే తెలిసినవారు మాత్రం గర్భం వచ్చేవరకు వేచి ఉండక, బిడ్డ కావాలనుకున్నప్పుడే వైద్యులను కలవాలి.