కూలర్ నీళ్లలో దోమల కబురు

ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయిలో 2018 వానాకాలంలో డెంగీ విజృంభించింది. ఖుర్సీపార్, ఛావనీ వంటి కార్మిక బస్తీలు బాగా దెబ్బతిన్నాయి. ఉక్కు కర్మాగారంలో పని కోసం వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో ఎన్నో ఉన్నాయి. ఎండాకాలమంతా తిరిగిన ఎయిర్ కూలర్లను వానలు పడగానే ఆపేస్తారు. అడుగున నీళ్లు మాత్రం మిగిలిపోతాయి. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ ఈజిప్టి దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నీటిలోనే.

పక్కపక్కనే రెండు కూలర్లలో నీళ్లున్నా ఆడదోమ ఒకదాన్నే ఎంచుకోవచ్చు. ఎందుకు? ఆ నీటిలోని రసాయనాలు దానికి కబురు అందిస్తాయి. నీటిలో పెరుగుతున్న లార్వాల ఒంటి మీద హెనైకోసేన్ అనే పదార్థం ఉంటుంది. ఇది 21 కార్బన్ పరమాణువుల గొలుసు. గుడ్లు పెట్టేందుకు ఆడదోమలను ఇది ఆకర్షిస్తుందని గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2000లో వెల్లడించారు. ఒకే జాతి జీవుల మధ్య ఇలా సందేశాలు మోసే రసాయనాలను ఫెరోమోన్లు అంటారు.

లార్వాలు బతుకుతున్నాయంటే అక్కడ తిండి ఉన్నట్టే. అయితే లార్వాలు కిక్కిరిసి, ఆకలితో ఉంటే ఆ నీరే దోమలను దూరం పెడుతుంది. పైగా ఆడదోమ తన గుడ్లన్నీ ఒకేచోట పెట్టకుండా అనేక పాత్రల్లో కొన్నికొన్ని చొప్పున పెడుతుంది. అందుకే ఏ నాయకత్వమూ లేకుండానే దోమల సంతతి బస్తీ అంతటా సర్దుకుంటుంది.

ఈ ఆకర్షణనే ఉచ్చుగా మార్చవచ్చు. హెనైకోసేన్‌తో పాటు కీటకాల ఎదుగుదలను అడ్డుకునే మందును నీటిలో కలిపితే, దోమలు వచ్చి గుడ్లు పెడతాయి. పుట్టిన లార్వాలు మాత్రం దోమలుగా మారవు.

ఇంట్లో చేయాల్సింది ఇంకా తేలిక. గుడ్డు నుంచి దోమ రావడానికి సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది కాబట్టి వారానికొకసారి నీళ్లు పారబోయాలి. అంతటితో పని పూర్తి కాదు. గుడ్లు నీటి అంచుకు కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి బతికి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. కాబట్టి తొట్టి గోడలను బ్రష్‌తో గట్టిగా రుద్ది కడగాలి. ఒక్క ఇంట్లో చేస్తే దోమ పక్కింటి కూలర్‌కు పోతుంది. వీధి అంతా ఒకే రోజున చేస్తేనే ఫలితం ఉంటుంది.