షెడ్డులో పుట్టే వేగం

వేగమంటే ఇంజిను రొద కాదు, ఏళ్ల తరబడి చేసే నిదానమైన పని. ఆ పని తెలిసిన చేతులు మన డెల్టాలో ఉన్నాయి.

తెనాలిలో లేత్ షాపు షట్టరు పైకి లేచేసరికే బయట ఎవరో ఒకరు కాచుకుని ఉంటారు. ఒకరి చేతిలో అరిగిపోయిన పంపు షాఫ్టు, ఇంకొకరి సంచిలో పగిలిన బుష్షు, మరొకరి భుజాన ట్రాక్టరు నుంచి ఊడదీసిన యాక్సిల్. కొత్తది తెప్పించాలంటే రోజులు పడుతుంది. అంతదాకా చేను ఆగదు, మిల్లు ఆగదు. అందుకే మేస్త్రి దాన్ని మిషనుకెక్కించి, తిప్పి, చెక్కి, చీకటి పడేలోపు బిగించుకునేలా చేసి ఇస్తాడు.

ఇలాంటి షెడ్డులో గంటకు 300 కిలోమీటర్లు అందుకునే బండి తయారవుతుందా? ఆ వేగంతో పోతే తెనాలి నుంచి రేపల్లెకు ఏడు నిమిషాలు చాలు. ఇది పెద్ద కంపెనీలకే సాధ్యమనిపిస్తుంది. కానీ ఒక మామూలు షెడ్డులో, ఒక్క మనిషి చేతుల మీదుగా దాదాపు ఇదే జరిగింది. అక్కడా పనికొచ్చింది ఒక ట్రాక్టరు యాక్సిలే.

నైవేద్యాల అర

న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఇన్వర్కార్గిల్ అనే ఊరుంది. ఆ ప్రాంతానికి చెందిన బర్ట్ మన్రో 1920లో ‘ఇండియన్ స్కౌట్’ అనే అమెరికా మోటారు సైకిలు కొన్నారు. 600 సీసీ ఇంజిను. కొన్న రోజున దాని గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లలోపే. దాన్ని అమ్మి మరొకటి కొనుక్కోకుండా, నాలుగు దశాబ్దాలకు పైగా అదే బండిని మార్చుకుంటూ పోయారు.

పాత డబ్బాలనే అచ్చులుగా పెట్టి పిస్టన్లు పోతపోసుకున్నారు. ట్రాక్టరు యాక్సిల్ ఉక్కును ఆకురాయితో అరగదీసి కనెక్టింగ్ రాడ్లు చేసుకున్నారు. కొలత చూసే పరికరానికి బదులు పాత చక్రపు పుల్లను వాడుకున్నారు. విరిగిన రాడ్లనూ కరిగిన పిస్టన్లనూ పారేయకుండా షెడ్డులో ఒక అరలో పేర్చి, అవన్నీ వేగదేవుడికి తన నైవేద్యాలని రాసి పెట్టుకున్నారు. విరిగిన ప్రతి ముక్కా ఆయనకొక పాఠం. ఎక్కడ విరిగిందో చూసి, అక్కడ మందం పెంచి, మళ్లీ బిగించేవారు.

1962లో, 63 ఏళ్ల వయసులో, ఆ బండిని ఓడెక్కించి అమెరికాలోని బానెవిల్ ఉప్పు మైదానానికి తీసుకెళ్లారు. గంటకు 288 కిలోమీటర్ల వేగంతో తన తరగతిలో రికార్డు నెలకొల్పారు. 1967లో, 68 ఏళ్ల వయసులో, దాదాపు 296 కిలోమీటర్లు అందుకున్నారు. ఆనాటి లెక్కలో చిన్న పొరపాటు దొర్లిందని ఆయన కుమారుడు గమనించగా, 2014లో అధికారులు దాన్ని గంటకు 184.087 మైళ్లుగా సరిదిద్దారు. అప్పటికి మన్రో కన్నుమూసి 36 ఏళ్లు.

గాలికి జవాబు రేకులో ఉంది

వేగమనగానే అందరి చూపూ ఇంజిను మీదికే పోతుంది. నిజానికి అసలు పోరు గాలితో. స్కూటరు మీద వెళ్తూ అరచేయి చాపిన ప్రతి ఒక్కరికీ దాని బలం తెలుసు. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుంది. ఆ తోపును రెట్టింపు వేగంతో నెట్టుకుపోవాలి కాబట్టి కావలసిన శక్తి ఎనిమిదింతలు. మామూలు కారుకు గంటకు 100 కిలోమీటర్ల దగ్గర గాలిని చీల్చడానికి సుమారు 10 హార్స్‌పవర్ సరిపోతే, 200 దగ్గర 80, 300 దగ్గర 270 కావాలి. టైర్ల రాపిడి, గేర్లలో పోయేది అదనం.

ఇప్పుడు బండిని సన్నగా, మనిషి దాదాపు పడుకుని నడిపేలా కట్టామనుకుందాం. ముక్కు గుండ్రంగా, తోక పొడవుగా సాగేలా చేసి గాలి అడ్డును అయిదో వంతుకు దించగలిగితే, 300 దగ్గర గాలికి 55 హార్స్‌పవర్ చాలు. అంటే ఇంజినును ముట్టుకోకుండా, రేకు వంచే మేస్త్రి ఒక్కడే 200 హార్స్‌పవర్‌కు పైగా సంపాదించి పెట్టినట్టు.

ఇక చక్రం సంగతి. 60 సెంటీమీటర్ల చక్రం 300 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 44 చుట్లు తిరుగుతుంది. అంచున 10 గ్రాముల బరువు తేడా ఉంటే చాలు, అది 23 కిలోల బరువై చక్రాన్ని బయటికి గుంజుతుంది. బేరింగు కూర్చునే చోట వెంట్రుకవాసి వదులున్నా, వెల్డింగులో కంటికి కనిపించని బుడగ ఉన్నా ఆ వేగం క్షమించదు. అందుకే ఈ బండి కట్టేవాడికి తెగువ కన్నా ముందు ఓపిక ఉండాలి. కొలిచింది మళ్లీ కొలిచే అలవాటు ఉండాలి.

చేతులకు కొదవ లేదు

ఆ అలవాటు మనవాళ్లకు కొత్త కాదు. నిజాంపట్నం రేవులో పడవ ఇంజిను బిగించేటప్పుడు, ఇంజినూ ప్రొపెల్లరు షాఫ్టూ ఒకే గీతలో లేకపోతే నడిసముద్రంలో ఏమవుతుందో అక్కడి మెకానిక్కుకు తెలుసు. తెనాలి శిల్పి కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత నట్లు, బోల్టులు, గేరు చక్రాలు ఏరి మనిషి ముఖంలోని ముడుతలు పలికించారు. 2021లో వారు ఇనుప తుక్కుతో చేసిన 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహం దేశమంతా వార్త అయింది. తుక్కులో రూపం చూడగలిగిన కన్ను మన ఊళ్లోనే ఉందన్నమాట.

సొంతంగా కారు కట్టిన తెలుగువారి మాటొస్తే ముందుగా చెప్పుకోవలసింది హైదరాబాద్‌లోని కన్యబోయిన సుధాకర్ గురించే. బడి వయసులోనే పాత సామాన్ల దుకాణాల నుంచి విడిభాగాలు తెచ్చి బండ్లు కట్టడం మొదలుపెట్టారు. 2005లో ఆయన తయారుచేసిన మూడు చక్రాల సైకిలు ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. ప్రపంచంలోనే అతి పెద్దదిగా గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. 2010లో బహదూర్‌పురాలో తెరిచిన ‘సుధా కార్స్ మ్యూజియం’లో బ్యాటు, పుస్తకం, చెప్పు ఆకారాల్లో కార్లున్నాయి. అవి చూపుకు మాత్రమే కాదు, నడుస్తాయి కూడా. ఆయన వెతికింది వేగం కాదు, రూపం. అయినా చట్రం వెల్డింగు చేయడం, స్టీరింగు అమర్చడం, బ్రేకు సరిచూడటం అనే పునాది పని రెంటికీ ఒకటే.

ఇసుక, ఉప్పు, సిమెంటు

చేతులున్నాయి. మరి పరిగెత్తే నేల?

ప్రపంచంలో వేగం ఒకప్పుడు సముద్రపు ఇసుక మీద పెరిగింది. బ్రిటన్‌లోని పెండైన్ తీరంలో జె.జి. పారీ థామస్ 1926లో గంటకు 275 కిలోమీటర్ల రికార్డు సాధించారు. ఆయన కారు పేరు ‘బాబ్స్’. అందులో ఉన్నది 27 లీటర్ల విమానపు ఇంజిను. మరుసటి ఏడు మార్చి 3న అదే తీరంలో, అదే కారులో ప్రాణాలు కోల్పోయారు. కారును అక్కడే ఇసుకలో పూడ్చిపెట్టారు. 1969లో ఒవెన్ విన్ ఒవెన్ అనే ఇంజినీరింగు అధ్యాపకుడు దాన్ని తవ్వి తీసి, ఏళ్ల తరబడి శ్రమించి మళ్లీ నడిచేలా చేశారు. ఇసుక ఎంత ఇచ్చిందో, ఎంత తీసుకుందో చెప్పడానికి ఆ ఒక్క కారు చాలు.

బాపట్ల సూర్యలంకలో అల వెనక్కి తగ్గినప్పుడు గట్టిపడే తడి ఇసుకను చూస్తే కుర్రకారుకు బండి దూకించాలనిపిస్తుంది. ఆ పని చేయకూడదు. అది కుటుంబాలు స్నానాలకు వచ్చే తీరం. ప్రభుత్వ అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందేలూ వేగ పరీక్షలూ మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం నేరం. చినగంజాం ఉప్పు మడులు చూస్తే బానెవిల్ గుర్తుకు రావచ్చు. కానీ అవి కష్టజీవుల కూలి పండే పొలాలు.

అయితే అద్దంకి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున ఒక సిమెంటు బాట ఉంది. అత్యవసరంలో విమానాలు దిగడానికి కట్టినది. 2024 మార్చి 18న వాయుసేన విమానాలు దాని మీద దిగి చూపించాయి. దాని పొడవును పట్టుకుని ఒక లెక్క వేద్దాం. బండి 1.5 కిలోమీటర్లలో 300 అందుకోవాలి, తర్వాతి కిలోమీటరును 12 సెకన్లలో దాటాలి, మిగిలిన 1.5లో ఆగాలి. నాలుగు కిలోమీటర్లు సరిపోయాయి. ఆ బాట వాయుసేన అవసరానిది, దాన్నెవరూ అడగరు, అడగకూడదు. కానీ మనకు కావలసిన నేల ఎంతో ఆ లెక్క చెబుతోంది.

రికార్డంటే ఒక్క పరుగు కాదు. అంతర్జాతీయ నియమం ప్రకారం గంటలోపు రెండు వైపులా పరిగెత్తాలి. రెంటి సగటే లెక్క. గాలి వాటు సాయం చెల్లదు. బానెవిల్‌లో 1949 నుంచి జరుగుతున్న వేగ వారోత్సవంలో ముందు తనిఖీ, తర్వాతే పరుగు. పైపుల పంజరం, సీటు బెల్టులు, మంటలార్పే ఏర్పాటు సరిగా లేకపోతే బండి గీత దగ్గరికే రాదు. అక్కడ 50 సీసీ ఇంజినుకూ వేరే తరగతి ఉంటుంది. మోపెడ్ ఇంజిను ఉన్నవాడికి కూడా అక్కడ చోటుందన్నమాట.

మన దేశంలోనూ దారులు తెరుచుకుంటున్నాయి. మధ్యప్రదేశ్‌లోని పీతంపుర్‌లో 2021లో 11.3 కిలోమీటర్ల అతివేగ పరీక్షా ట్రాక్ మొదలైంది. ఇంజినీరింగు విద్యార్థులు తామే బండి కట్టి నడిపే బాహా పోటీలు 2007 నుంచి జరుగుతున్నాయి. మన తీరానికి లేనిది ఒక్కటే. కాపలా ఉన్న, అంబులెన్సు ఉన్న, బండిని విప్పి చూసే పెద్దలున్న ఒక తిన్నని బాట. ఏడాదికి ఒక్కరోజైనా సరే.

అది ఉంటే రాత్రిళ్లు బైపాసు మీద ప్రాణాలు ఒడ్డే కుర్రాడు పగలు షెడ్డుకొస్తాడు. డిప్లొమా చదివే పిల్లకు గాలి తోపు లెక్క పరీక్ష కోసం కాక, పొద్దుటి పరుగు కోసం కావాలి. లేత్ మేస్త్రి పక్కన ఆ ఇద్దరూ నిలబడతారు. ఆయన షాఫ్టును చక్‌లో బిగించి, డయల్ గేజి ముల్లు కదలకుండా నిలిచేదాకా సర్దుతూనే ఉంటాడు. ఆ ముల్లు నిలిచినప్పుడే వేగం మొదలైనట్టు.