కలకత్తాలో ఇందూరు బిడ్డ

2025 ఏప్రిల్‌లో బెంగాలులోని కల్యాణి మైదానమున ఈస్ట్ బెంగాల్, ఒడిశా మహిళా జట్లు తలపడినవి. ఆటంతటికీ ఒకే ఒక గోలు, అదియు ద్వితీయార్ధమున. ఆ గోలు సాధించినది నిజామాబాదు జిల్లా బిడ్డ గుగులోత్ సౌమ్య. దానితో భారత మహిళా లీగు విజేత స్థానము ఈస్ట్ బెంగాల్‌కు తొలిసారిగా దక్కినది.

పొరుగు ప్రాంతమువారు ఒక క్లబ్బునకు ఇంటిబిడ్డలగుట ఎట్లు? ఈ క్లబ్బు 1920లో పుట్టినది. దేశవిభజన పిదప ఇల్లూ వాకిలీ విడిచి తూర్పు బెంగాలు నుండి తరలివచ్చిన వారికి దాని గెలుపే తలెత్తుకొని తిరుగుటకు ఆధారమైనది. కనుక వారు ఆటగాని ఊరు అడుగలేదు, గోలు అడిగినారు. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1961లో నాయకుడై, 23 గోల్స్ చేసి, కలకత్తా లీగును గెలిపించి వారికి ఆరాధ్యుడైనాడు. ఊపిరితిత్తుల జబ్బు ఆయన ఆటను 1963లోనే ముగించినది.

ఆ జట్టు రంగులు ఎరుపు, పసుపు. బెంగాలీలు ‘లాల్ హొలుద్’ అందురు. హొలుద్ అనగా మన నిజామాబాదు మార్కెట్టులో రాశులు పోయు పసుపే!

బలరాంను చూడ విరగబడినంత జనము మహిళల పోటీలకు ఇంకను రారు. సౌమ్య గోకులం కేరళకు ఆడినది. 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరినది. ఆ తరువాతనే ఈస్ట్ బెంగాల్‌కు వచ్చినది. 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నుకొన్నది.