మీకు తెలుసా? మొద్దు కింద పిల్లి

ఆదివారం పొద్దున తాడిపత్రిలో ఏ చికెన్ సెంటర్ ముందు నిలబడినా పిల్లి ఒకటి కనిపిస్తుంది. మొద్దు మీద కత్తి పడిన చప్పుడుకు చెవులు రిక్కించి, కింద పడే పేగు ముక్క కోసం కాచుకుని ఉంటుంది. మనం కిలో తూకం వేయించుకుని ఇల్లు చేరేలోపు దాని కడుపు నిండిపోతుంది. బర్డ్ ఫ్లూ కోడి నుంచి పిల్లికి చేరే ముఖ్యమైన దారి ఇదే. పచ్చి మాంసం, లేదంటే చచ్చిన పక్షి.

పక్షుల జబ్బు పిల్లికెందుకు వస్తుందని అనుకోవద్దు. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకు హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ సోకినట్టు భోపాల్ ప్రయోగశాల తేల్చింది. మన దేశంలో ఇంటి పిల్లుల్లో ఇది బయటపడడం అదే మొదటిసారి. అంతకు కొద్దివారాల ముందే నాగపూర్‌లోని గోరెవాడ సంరక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత ఇదే వైరస్‌తో చనిపోయాయి. పులి కూడా పిల్లి కుటుంబమే కదా! 2004లో థాయ్‌లాండ్‌లోని శ్రీరచా పులుల జూలో కోడి మాంసం పచ్చిగా పెట్టడంతో మొదలైన జబ్బు పులి నుంచి పులికి పాకింది. చచ్చిపోయినవి, ఇంకా పాకకూడదని చంపేసినవి కలిపితే 147 పులులు.

మన రాష్ట్రం సంగతికొస్తే, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలను ఊడ్చేసిన బర్డ్ ఫ్లూ మన పక్కనున్న కర్నూలులోనూ బయటపడింది. మార్చి 16న మంగళగిరి ఎయిమ్స్‌లో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప ప్రాణం వదిలింది. హెచ్5ఎన్1 అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నిర్ధారించింది. ఆ బిడ్డకు పిల్లి నుంచి సోకలేదు. ఇంట్లో కోడికూర కోస్తున్నప్పుడు పచ్చి ముక్క తిన్నదని కుటుంబసభ్యులు చెప్పారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. మాంసం కోసేచోట పసిపిల్లలు కూర్చోని ఇల్లు మన సీమలో ఉంటుందా?

ఈ వైరస్ మనకు జలుబులా తేలిగ్గా అంటుకోదు. దానికో కారణం ఉంది. అది కణంలోకి దూరాలంటే కణం పైనున్న ఒక రకం చక్కెరను పట్టుకోవాలి. పక్షుల పేగుల్లో దండిగా ఉండే ఆ రకం మన ముక్కులో, గొంతులో బాగా తక్కువ. ఊపిరితిత్తుల అడుగున మాత్రం ఉంది, కంటి పొరలోనూ ఉంది. అందుకే సోకడం అరుదు, సోకితే ప్రమాదం. 2003 నుంచి ప్రపంచంలో హెచ్5ఎన్1 సోకినట్టు లెక్కకెక్కిన మనుషులు 900 పైచిలుకు. వాళ్లలో దాదాపు సగం మంది దక్కలేదు. పిల్లిలోనైతే ఈ వైరస్ ఊపిరితిత్తులతో ఆగదు, మెదడుకూ ఎక్కుతుంది.

జబ్బుపడిన పిల్లి తిండి మానేస్తుంది. జ్వరంతో ముడుచుకుపోతుంది. కళ్లు, ముక్కు కారతాయి, ఎగశ్వాస వస్తుంది. తర్వాత తూలి నడవడం, మూర్ఛలు, ఒక్కోసారి చూపు పోవడం. చుట్టుపక్కల కోళ్లు, కాకులు రాలిపోతున్న రోజుల్లో మీ పిల్లి ఇలా కనిపిస్తే ఒళ్లో పెట్టుకుని నిమరకండి. మాస్కు, చేతికి గ్లౌజులు వేసుకుని గంపలో వేరుగా ఉంచి, 1962కు ఫోన్ చేసి పశువైద్యులకు చెప్పండి. పల్లెల్లో ఇంకో అలవాటుంది. కోడి తల వాల్చి చచ్చిపోతే కొక్కెర తెగులని సరిపెట్టుకుని పెంటదిబ్బ మీద పారేస్తాం. కొక్కెరకూ బర్డ్ ఫ్లూకూ తేడా కంటికి తెలియదు, పరీక్షలో తెలియాల్సిందే. ఆ దిబ్బ మీదికి రాత్రి వచ్చేది పిల్లే. చచ్చిన కోడిని లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాలి. పిల్లికి మాంసం పెట్టాలనిపిస్తే ఉడకబెట్టి పెట్టండి. 70 డిగ్రీల వేడి ముక్క లోపలిదాకా తగిలితే వైరస్ చస్తుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తే మాత్రం చావదు. పాలైనా కాచే పోయాలి. 2024లో అమెరికాలోని టెక్సాస్‌లో, జబ్బుపడిన ఆవుల పచ్చిపాలు తాగి డెయిరీ పిల్లులు చచ్చిపోయాయి.

ఇంతకీ పిల్లి నుంచి మనిషికి బర్డ్ ఫ్లూ సోకిందా? సోకింది. 2016 డిసెంబరులో, న్యూయార్క్‌లో. వీధి జంతువుల ఆశ్రయంలో రోగిష్టి పిల్లుల ముక్కు, నోటి స్రావాలకు రక్షణ లేకుండా దగ్గరగా మెలిగిన ఒక పశువైద్య నిపుణుడికి వచ్చింది. అది హెచ్7ఎన్2 అనే మెతక రకం కావడంతో కొద్దిపాటి జబ్బుతో కోలుకున్నారు. ఆ ఆశ్రయంలో వైరస్ బారిన పడిన పిల్లులు దాదాపు 500. వాటిని చంపెయ్యలేదు, వీధిలోకి తరమలేదు. క్వీన్స్ ప్రాంతంలో పెద్ద గోదాం లాంటి చోట విడిగా ఉంచి, మాస్కులు తొడుక్కున్న మనుషులు వారాల తరబడి సాకారు. దాదాపు అన్నీ బతికాయి. వైరస్ లేదని పరీక్షల్లో తేలాక, 2017లో పెంచుకోవడానికి ముందుకొచ్చిన ఇళ్లకు చేరాయి.