అంద నాళ్ (సినిమా)

అంద నాళ్ 1954 ఏప్రిల్ 13న విడుదలైన తమిళ నేరపరిశోధక చలనచిత్రం. పేరునకు "ఆ రోజు" అని అర్థం. ఏ.వి.ఎం. సంస్థ పక్షాన ఏ.వి.మెయ్యప్పన్ నిర్మించగా, వీణ విద్వాంసుడు ఎస్.బాలచందర్ దర్శకత్వం వహించాడు. శివాజీ గణేశన్, పండరీబాయి ప్రధాన పాత్రధారులు. ఒక్క పాట కూడా లేకుండా వచ్చిన తొలి తమిళ చిత్రంగా దీనిని పేర్కొంటారు. తెలుగు ప్రేక్షకులలో ఈ చిత్రం పేరు విన్నవారు తక్కువ. తమిళనాట సైతం మొదటి విడుదలలో దీనిని చూసి మెచ్చినవారు తక్కువే. తరువాతి కాలంలో మాత్రం తమిళ సినిమా చరిత్ర వ్రాసేవారెవరూ దీనిని వదలిపెట్టలేదు. ఒకే చిత్రంపై ప్రేక్షకుల తీర్పు ఇంతగా మారడం ఆసక్తికరమైన విషయం.

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో 1943 అక్టోబరులో జపాను విమానం మద్రాసుపై బాంబులు వేసింది. అంతకు ముందు ఏడాది, 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్నం, కాకినాడలు కూడా ఇటువంటి దాడికి గురయ్యాయి. ఈ చిత్ర కథ మద్రాసు బాంబుదాడి నాటి రోజులలో నడుస్తుంది. 1954లో హాలులో కూర్చున్న వారికి అది చరిత్ర కాదు, పదకొండేళ్ళ నాటి అనుభవం. దీపాలు ఆర్పుకొని గడిపిన రాత్రులు, ఊరు వదలి పోయిన కుటుంబాలు చాలామందికి జ్ఞాపకమే.

కథ

(ఈ భాగంలో కథ ముగింపు వెల్లడి చేయబడింది. చిత్రాన్ని చూడదలచినవారు దీనిని వదలి ముందుకు పోవచ్చును. అయితే ప్రేక్షకుల అభిప్రాయాలలో అధికభాగం ఈ ముగింపు చుట్టూనే తిరుగుతాయి.)

రాజన్ (శివాజీ గణేశన్) రేడియో ఇంజనీరు. చిత్రం మొదలవుతూనే అతడు తుపాకి గుండుకు బలి అవుతాడు. పొరుగింటి చిన్నయ్య పిళ్ళై (పి.డి.సంబంధం) ఆ చప్పుడు విని పోలీసులకు తెలుపుతాడు. నేరపరిశోధక అధికారి శివానందం (జావర్ సీతారామన్) విచారణకు వస్తాడు. భార్య ఉష (పండరీబాయి), సోదరుడు పట్టాభి, పట్టాభి భార్య హేమ, రాజన్ ప్రియురాలు అంబుజం, చిన్నయ్య పిళ్ళై - ఈ ఐదుగురూ అనుమానితులే. ఒక్కొక్కరు తాము చూసినట్లుగా కథ చెప్పి, మరొకరి వైపు వేలు చూపుతారు. చివరకు బయటపడే నిజం ఇది: సామాన్యులకు చవకగా రేడియో అందించాలన్న తన ప్రయత్నానికి స్వదేశంలో ప్రోత్సాహం లభించక, ఆ అక్కసుతో రాజన్ జపానుకు రహస్యాలు చేరవేసే గూఢచారిగా మారాడు. దేశభక్తురాలైన ఉష అతనిని వారించబోయింది. ఆమె చేతిలోని తుపాకియే పేలింది.

నిర్మాణం

అకిరా కురొసావా "రషోమాన్" (1950) చూసిన ప్రేరణతో బాలచందర్ ఈ కథ అల్లుకొన్నాడు. చిత్రానువాదం, సంభాషణలు జావర్ సీతారామన్ వ్రాశాడు. మొదట ఒక కొత్త నటునితో కొంతభాగం తీసి, మెయ్యప్పన్‌కు తృప్తి కలుగకపోవడంతో, శివాజీతో తిరిగి చిత్రీకరించారు. ఛాయాగ్రాహకుడు ఎస్.మారుతీరావు.

తొలి ప్రేక్షకులు

మొదటి విడుదలలో విమర్శకులు మెచ్చుకొన్నా సామాన్య ప్రేక్షకులు నిరాశ చెందారు. చిత్రం ఆర్థికంగా దెబ్బతిన్నది. ముఖ్యమైన ఫిర్యాదు పాటలు లేకపోవడమే. దీనిని రసజ్ఞత లేకపోవడమని కొట్టివేయడం అన్యాయం. ఆ రోజులలో సినిమాకు పోవడమంటే సగం పాటకచేరీకి పోవడమే. హాలు బయట పాటల పుస్తకం కొనుక్కొని, చిత్రం చూసి, ఇంటికి వచ్చి పాడుకొనేవారు. పైగా దర్శకుడు పేరుపొందిన వైణికుడు. అటువంటివాని చిత్రంలో పాట వినబడకపోతే టిక్కెట్టు కొన్నవాడు మోసపోయానని అనుకోవడంలో వింత లేదు.

రెండవ కారణం శివాజీ. "పరాశక్తి" (1952)తో వెలుగులోకి వచ్చిన ఆయన, అదే 1954 మార్చిలో విడుదలైన "మనోహర"లో ఉరుములవంటి సంభాషణలతో హాళ్ళను ఊపివేశాడు ("మనోహర" ఆ ఏడే తెలుగులో కూడా వచ్చింది). రెండు నెలలు తిరగకముందే అదే నటుడు తెరపైకి వచ్చీ రాగానే చనిపోవడం, ఆపై కనబడినదంతా ఇతరుల జ్ఞాపకాలలోనే కావడం, తీరా చూస్తే దేశద్రోహిగా తేలడం అభిమానులకు రుచించలేదు. ప్రతినాయక ఛాయగల పాత్రను ఆయన అంతకుముందు "తిరుంబిప్పార్" (1953)లో ధరించకపోలేదు. కాని ఇక్కడ పశ్చాత్తాపపడి మారే అవకాశం కూడా ఆ పాత్రకు లేదు.

భార్య చేతిలో భర్త మరణించడం మరొక చిక్కు. దుర్మార్గుడైన భర్తను సహనంతో దారికి తెచ్చుకొనే ఇల్లాలికి అలవాటుపడిన ప్రేక్షకులకు ఉష పాత్ర ఒక పట్టాన కొరుకుడు పడేది కాదు. దేశమా, భర్తయా అన్న ప్రశ్న ఆమె ముందు నిలిచింది, ఆమె జవాబు చెప్పింది. పండరీబాయిని తరువాతి కాలంలో శాంతమూర్తి అయిన తల్లిగా మాత్రమే ఎరిగిన తెలుగువారు ఈ పాత్రలో ఆమెను తప్పక చూడవలసి ఉన్నది.

పురస్కారం, పునర్విడుదల

1954 సంవత్సరపు చిత్రాలకు ఇచ్చిన జాతీయ పురస్కారాలలో "అంద నాళ్"కు యోగ్యతాపత్రం లభించింది. (అదే ఏడు తెలుగులో "పెద్దమనుషులు" రాష్ట్రపతి రజతపతకం పొందగా, "తోడు దొంగలు", "విప్రనారాయణ" యోగ్యతాపత్రాలు పొందాయి.) ఆ తరువాత మళ్ళీ విడుదల చేసినప్పుడు ఆదరణ మెరుగుపడింది. పురస్కారం చూసి జనం వచ్చారని మాత్రమే చెబితే అది సగం మాటే అవుతుంది. రెండవసారి వచ్చినవారికి ఇందులో పాటలు లేవని ముందే తెలుసు. లేనిదానికోసం ఎదురుచూడకుండా ఉన్నదానిని చూడగలిగారు.

తరువాతి కాలపు అభిప్రాయాలు

పిమ్మటి తరాలవారు ఏ లోపాలను ఎత్తి చూపారో వాటినే గుణాలుగా లెక్కించారు. పాటలు లేనందున విచారణ ఎక్కడా తెగదని, ఒక్కొక్కరి కథనంలో శివాజీ ఒక్కొక్క మనిషిగా కనిపిస్తాడని మెచ్చుకొన్నారు. సోదరుడు చెప్పిన రాజన్ వేరు, ప్రియురాలు చెప్పిన రాజన్ వేరు. చీకటివెలుగులతో మారుతీరావు సాధించిన వాతావరణాన్ని ప్రస్తావించని వ్యాసం లేదనవచ్చును.

దీనిని "తమిళ రషోమాన్" అనడం వాడుక. ఈ మాట అంత సరియైనది కాదు. "రషోమాన్"లో ఎవరి మాట నిజమో చివరిదాకా తేలదు, తేలకపోవడమే దాని ప్రాణం. "అంద నాళ్"లో నిజం తేలుతుంది, తేల్చే అధికారి ఉన్నాడు. హతమైన వ్యక్తిని ఐదుగురి కళ్ళతో చూపే బ్రిటిష్ చిత్రం "ది ఉమన్ ఇన్ క్వశ్చన్" (1950, దర్శకుడు ఆంథొనీ ఆస్క్విత్)తో పోలిక ఎక్కువని చెప్పేవారి వాదనలో బలమున్నది.

మెచ్చనివారు నేటికీ ఉన్నారు. ముగింపులో దేశభక్తి ప్రబోధం పాలు ఎక్కువైనదని వారి ఆక్షేపణ. దీనిని కాదనలేము. అంతవరకు ప్రేక్షకుని తెలివిని నమ్మిన చిత్రం, ఆ ఘట్టంలో మాత్రం చెప్పవలసినది నోటితో చెప్పించింది. రాజన్ ద్రోహానికి మూలమైన నిరాశ, అనగా ప్రతిభకు ఆదరణ లేకపోవడం, త్వరగా మరుగున పడిపోతుంది. స్వతంత్రం వచ్చి ఏడేళ్ళే అయిన నాడు గూఢచారిపై అంతకన్న సానుభూతి చూపడం నిర్మాతకు సాధ్యమయ్యేది కాదేమో.

ఇతర విశేషాలు

బాలచందర్ ఆ తరువాత "అవనా ఇవన్" (1962), "బొమ్మై" (1964), "నడు ఇరవిల్" (1970) వంటి ఉత్కంఠభరిత చిత్రాలు తీసి, పిదప పూర్తిగా వీణకే అంకితమయ్యాడు. 1982లో పద్మభూషణ్ పొందాడు. "అంద నాళ్" విడుదలైన తేదీననే, 1990 ఏప్రిల్ 13న, మరణించాడు. పాటలు లేని తమిళ చిత్రాలలో తెలుగువారికి బాగా పరిచితమైనది కమల్ హాసన్ నటించిన "కురుదిప్పునల్" (1995). అది తెలుగులో "ద్రోహి" పేరుతో వచ్చింది.