కొయ్య ముఖంలో కొలువైన స్వామి

ఆటోనగర్‌లో లారీకి కొత్త బాడీ కట్టిన తరువాత అర్చకుణ్ణి పిలిచి పూజ చేయించడం ఆనవాయితీ. గుమ్మడికాయ, నిమ్మకాయలు, ముందు భాగాన కోరలు వెళ్ళబెట్టిన దిష్టిబొమ్మ లేనిదే బండి షెడ్డు దాటదు. ఇటీవల అటువంటి పూజకు వెళ్ళగా, యజమాని ఒక కొయ్య ముఖాన్ని నా ముందుంచారు. కుమారుడు బాలి ద్వీపం నుండి తెచ్చాడట. మిడిగుడ్లు, పంది కోరలు, వేలాడే నాలుక. "స్వామీ, దీనిని బండికి కట్టమంటారా, పూజగదిలో పెట్టమంటారా? మా అమ్మగారు గడప దాటనివ్వడం లేదు" అన్నారు. ఆ పెద్దావిడ కళ్ళలో నిజంగానే భయం ఉంది.

అది రంగ్డా ముఖం. బాలి హిందువుల నృత్యంలో రంగ్డా మారణశక్తి. సింహాన్ని పోలిన బరోంగ్ రక్షకుడు. వీరిద్దరి పోరులో గెలుపోటములు తేలవు. ఆవేశం పూనిన భక్తులు కత్తులు తమ గుండెలకే గుచ్చుకోబోతారు. పూజారి తీర్థం చల్లి వారిని తెలివికి తెస్తాడు. ఆ ముఖాలను 'పూలే' అనే చెట్టు కొయ్యతో చెక్కి, శక్తిని ఆవాహన చేస్తారు. ఆ క్రతువు పేరు వింటే మనకు ఒళ్ళు పులకరిస్తుంది: 'పాశుపతి'! అటుపిమ్మట ఆ ముఖం ఆలయంలోనే, వస్త్రం కప్పుకొని ఉంటుంది.

మన కూచిపూడి భాగవతులది ప్రధానంగా రంగు పూసిన ముఖమే. కానీ ఆ సంప్రదాయానికి తోబుట్టువైన భాగవతమేళం తంజావూరు సీమలోని మెలట్టూరులో నేటికీ నిలిచి ఉంది. నాయకరాజుల కాలంలో అచ్యుతప్ప నాయకుడు భూములిచ్చి నిలిపిన బ్రాహ్మణ కుటుంబాల ఊరది. అక్కడి వేంకటరామశాస్త్రిగారు రచించిన నాటకాలన్నీ తెలుగే. నటులలో పలువురు తమిళం మాట్లాడేవారైనా, నృసింహ జయంతి ఉత్సవాలలో 'ప్రహ్లాద చరిత్రము'ను తెలుగులోనే ఆడతారు. తెలుగునాట మనమే మరచిన వైభవమిది!

ఒక వైశాఖంలో దానిని దర్శించే భాగ్యం నాకు కలిగింది. వరదరాజస్వామి ఆలయంలో పూజలందుకునే నృసింహ ముఖాన్ని ఉపవాసమున్న నటుడు ధరిస్తాడు. రాత్రి గడిచే కొద్దీ ఉత్కంఠ పెరుగుతుంది. స్వామి వెలువడగానే ఆవేశం ఎంతటిదంటే, హిరణ్యకశిపుని మీదికి దూకకుండా నలుగురు పట్టి ఆపవలసి వస్తుంది. వధను ప్రదర్శించరు. నా పక్కన కూర్చున్న వృద్ధుడొకరు లేచి సాష్టాంగపడ్డారు. అక్కడ నటుడు ఎవరికీ కనబడడం లేదు.

రెండు చోట్లా ముఖం ఆలయానిదే, నటునిది కాదు. తేడా ఒక్కటి నాకు ముఖ్యమనిపించింది. మెలట్టూరులో ఉగ్రరూపం భక్తుని కోసం వచ్చినది, ప్రహ్లాదుని ముందు శాంతించేది. రంగ్డా ఉగ్రత అణగదు, నేటికి వెనుదిరుగుతుంది, అంతే.

పెద్దావిడతో ఇదే చెప్పాను. "అమ్మా, సంతలో కొన్న ఈ ముఖానికి ఆవాహన జరగలేదు. ఇది శిల్పి పనితనం. భయపడవద్దు, పూజించనూ వద్దు. అక్కడివారు దేవతగా కొలిచే రూపం కనుక బండికి కట్టి బురదపాలు మాత్రం చేయవద్దు." ఆమె కొంతసేపు ఆలోచించి, కోడలిని పిలిచి, ఉతికిన గుడ్డలో చుట్టి కూర్చోబెట్టే గదిలో అలమారు పైన పెట్టించారు. లారీకి ఎప్పటి దిష్టిబొమ్మనే కట్టి, నిమ్మకాయలు తొక్కించి పంపాము.