మామిడి తొక్క, జీడిలోనే యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువ.. ల్యాబ్‌లో ఎలా తేలుస్తారు? మరి తినొచ్చా?

మామిడి పండు తిన్నాక చెత్తబుట్టలో పడేవి రెండు.. తొక్క, టెంక. ల్యాబ్‌లో కొలిస్తే మాత్రం యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువగా కనిపించేది తొక్కలో, టెంక లోపలి జీడిలోనే. మనం ఇష్టంగా తినే గుజ్జుది ఆ తర్వాతి స్థానం. ఇంతవరకు నిజమే. కానీ ఈ ఒక్క ముక్క పట్టుకుని ‘తొక్క తింటే రోగాలు పరార్’ అనే వీడియోలు తెగ తిరుగుతున్నాయి. అసలు ఆ నంబర్ ఎలా వస్తుందో తెలిస్తే అందులో ఎంత నమ్మాలో కూడా తెలుస్తుంది.

మామిడి పరిశోధనకు సంగారెడ్డి పాత అడ్రస్. ఇక్కడి ఫల పరిశోధన కేంద్రంలో వందల రకాల మామిడి చెట్లున్నాయి. రుమాని, నీలం రకాలను కలిపి ‘మంజీర’ అనే హైబ్రిడ్‌ను తీసుకొచ్చింది ఈ కేంద్రమే. రకం మారితే రంగు, రుచే కాదు, యాంటీ ఆక్సిడెంట్ల లెక్క కూడా మారుతుంది. కాయగా ఉన్నప్పుడు ఒకలా, పండాక ఇంకోలా ఉంటుంది. కాబట్టి ‘మామిడిలో ఇంత ఉంది’ అని ఒకే నంబర్ చెప్పేస్తే అది సగం సమాచారమే.

ఇక కొలిచే పద్ధతికి వద్దాం. ముందు తొక్క, గుజ్జు, జీడిని విడివిడిగా తీస్తారు. తక్కువ వేడిలోనో, గడ్డకట్టించో ఆరబెట్టి పొడి చేస్తారు. ఆ పొడిని మిథనాల్ లేదా అసిటోన్ కలిపిన నీళ్లలో నానబెట్టి వడకడతారు. అసలు టెస్ట్ ఈ ద్రవం మీదే.

మొదటిది ఫోలిన్ పద్ధతి. పసుపు రంగు రసాయనం కలిపితే, పాలీఫినాల్స్ ఎంత ఎక్కువుంటే అంత చిక్కటి నీలం రంగు వస్తుంది. ఆ నీలాన్ని యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 765 నానోమీటర్ల దగ్గర చదువుతారు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫార్మా కంపెనీల క్యూసీ ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు ఈ మెషీన్ కొత్తేం కాదు. గ్యాలిక్ యాసిడ్‌తో పోల్చి లెక్కకడతారు కాబట్టే రిపోర్టుల్లో ‘గ్యాలిక్ యాసిడ్‌కు సమానంగా ఇన్ని మిల్లీగ్రాములు’ అని ఉంటుంది. ఇంకోటి డీపీపీహెచ్ టెస్ట్. ఇందులో ముదురు ఊదా రంగు ద్రవం వాడతారు. యాంటీ ఆక్సిడెంట్లు దాన్ని విరిచేసి లేత పసుపుగా మారుస్తాయి. అరగంట చీకట్లో ఉంచి, 517 నానోమీటర్ల దగ్గర ఎంత రంగు తగ్గిందో చూస్తారు. దీని ఫలితాన్ని ఐసీ 50 అని ఇస్తే, నంబర్ తక్కువుంటేనే పవర్ ఎక్కువని అర్థం. చాలామంది దీన్ని తిరగేసి చదువుతారు.

మరి ఎక్కడ ఎంత ఉంది? 2004లో సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ పరిశోధకులు మామిడి, పనస, చింత, అవకాడో, లాంగన్ గింజలను కొలిచారు. మామిడి జీడి గ్రాముకు సుమారు 117 మిల్లీగ్రాముల ఫినాల్స్‌తో ముందుంది. మైసూరులోని సీఎఫ్‌టీఆర్ఐ శాస్త్రవేత్తలు 2007లో రసపూరి, బాదామి రకాల తొక్కను పరీక్షిస్తే, ఎండు తొక్క గ్రాముకు 55 నుంచి 110 మిల్లీగ్రాముల వరకు వచ్చింది. పచ్చి కాయ తొక్కలో పాలీఫినాల్స్ ఎక్కువ, పండు తొక్కలో కెరోటినాయిడ్లు ఎక్కువ అని కూడా తేలింది. ఆవకాయ ముక్కకు తొక్క ఉంచే తెలుగువాళ్లు తెలియకుండానే ఆ లాభం పొందుతున్నారన్నమాట.

ఇక్కడే అసలు మెలిక ఉంది. ఈ లెక్కలు ఎండబెట్టిన పొడివి. గుజ్జులో సుమారు 80 శాతం నీళ్లే. ఎండు గుజ్జు గ్రాముకు 10 మిల్లీగ్రాములు వచ్చిందనుకుంటే, తాజా గుజ్జులో అది 2 మాత్రమే. ఒక వీడియోలో ఎండు తొక్క నంబర్, తాజా గుజ్జు నంబర్ పక్కపక్కన పెట్టారంటే ఆ పోలిక చెల్లదు. పైగా గుజ్జుకు పసుపు రంగునిచ్చే బీటా కెరోటిన్ నూనెలో కరిగే రకం. నీళ్లు కలిపిన సాల్వెంట్‌లోకి అది సరిగా దిగదు. అంటే ఈ పద్ధతిలో గుజ్జుకు రావాల్సిన మార్కులు కొన్ని ముందే పోతున్నాయి. ఇక విటమిన్ సి కూడా ఫోలిన్ రంగును పెంచుతుంది కాబట్టి నీలమంతా పాలీఫినాల్సే అనుకోవడానికి లేదు.

టెస్ట్ ట్యూబ్‌లో రంగు మారినంత మాత్రాన ఒంట్లోనూ అదే జరగాలని లేదు. ఎంత జీర్ణమవుతుంది, రక్తంలోకి ఎంత వెళ్తుందన్నది వేరే ప్రశ్న. అమెరికా వ్యవసాయ శాఖ కూడా ఒరాక్ అనే యాంటీ ఆక్సిడెంట్ స్కోర్ల పట్టికను 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. కంపెనీలు ఆ నంబర్లను ప్రకటనల్లో ఇష్టమొచ్చినట్టు వాడటం ఒక కారణం.

మరి తొక్క తినొచ్చా అంటే, బాగా కడిగిన పండైతే కొద్దిగా తినొచ్చు. మామిడి సొన తగిలితే దురద, దద్దుర్లు వచ్చేవాళ్లు మాత్రం దూరంగా ఉండాలి. పురుగు మందులు, దుమ్ము ముందు అంటేది తొక్కకే. ఫ్యాక్టరీలు, హైవే పక్క తోటల్లో ఇది ఇంకాస్త ఆలోచించాల్సిన సంగతి. యాంటీ ఆక్సిడెంట్ టెస్ట్ ఈ అవశేషాలను చూపించదు, దానికి వేరే పరీక్ష ఉంటుంది. కాయలు పండించడానికి కాల్షియం కార్బైడ్ వాడటం దేశంలో నిషేధం. ఇథిలీన్ గ్యాస్‌కు మాత్రం పరిమితితో అనుమతి ఉంది.

జీడి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఒడిశాలోని కాశీపూర్‌లో 2001లో, కంధమాల్ జిల్లాలో 2024 నవంబర్‌లో మామిడి జీడి జావ తాగాక పలువురు ఆదివాసీలు చనిపోయారు. తినడానికి వేరే తిండి లేని రోజుల కోసం దాచుకున్న జీడి అది. నిల్వలో బూజు పట్టి విషమైందన్నది అప్పట్లో ప్రధానంగా వినిపించిన కారణం. బూజు వాసన వచ్చినా, నల్ల మచ్చలు కనిపించినా ఆ జీడిని పారేయాల్సిందే. అలాంటి జీడికి కూడా యాంటీ ఆక్సిడెంట్ టెస్ట్‌లో మంచి స్కోరే రావచ్చు.